శనివారం ఇచ్చిన పెనం

నేను ఒక దోసెల పెనాన్ని. ఇనుప పెనాన్ని. ప్రస్తుతం హన్మకొండలో ఒక ఖాళీ ప్లాటు గోడ పక్కన, పగిలిన టైల్స్, ఎండిన కొబ్బరి బొండాల మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. నా మీద జాలి చూపించమని అడగడానికి ఈ కథ చెప్పడం లేదు. ఒక ఇంట్లో నా గురించి తీర్పు జరిగింది. ఆ తీర్పు జరుగుతున్నంతసేపూ నేను అక్కడే ఉన్నాను. అయినా పెనాన్ని పిలిచి నువ్వేమంటావని అడిగేవాళ్ళు ఎవరుంటారు? అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో అది మీకు చెబుతాను.

పెనం కాకముందు నేను ట్రాక్టరు ట్రాలీకి అడుగు రేకును. వడ్ల బస్తాలు మోశాను, ఇసుక మోశాను, పెళ్ళివాళ్ళను మోశాను. ఒకసారి చచ్చిన గేదెను కూడా మోశాను. అప్పట్లో నన్నెవరూ మంచిదానివనీ చెడ్డదానివనీ అనలేదు. ట్రాలీ పాడయ్యాక దాని రైతు నన్ను జనగామ పక్క ఊళ్ళో కమ్మరి మోక్షాచారి కొలిమి ముందు పడేసిపోయాడు. వానకు తడిసి, ఎండకు ఎండి, ఒళ్ళంతా తుప్పు పట్టి చాలాకాలం అక్కడే ఉన్నాను. కోళ్ళు నా మీద నిలబడి కూసేవి.

మోక్షాచారి తక్కువ మాట్లాడే మనిషి. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, భువనేశ్వరి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ల్యాబ్ టెక్నీషియన్ డిగ్రీ చదివి, హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. అక్కడ ల్యాబ్‌కు పెద్దగా ఉన్న హైమావతి మేడమ్ ఆమెకు పని నేర్పి, యాజమాన్యంతో మాట్లాడి, ఈ పిల్ల నాకు కావాలని పట్టుబట్టింది. అందుకు బదులుగా ఆమె ఏమీ అడగలేదు. అడగనివాళ్ళకు ఏమివ్వాలో తెలుసుకోవడమే మనుషులకు అన్నిటికన్నా కష్టమని నాకు ఒక రోజు అర్థమైంది.

సెలవుకు ఊరికి వచ్చిన భువన కొలిమి పక్కన పీట వేసుకుని కూర్చుని హన్మకొండ గదిలో తనతో ఉండే స్నేహితురాలు షబానాతో ఫోన్లో మాట్లాడుతోంది. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి నాకూ వినబడింది.

"సెంటు సీసా ఇయ్యవే, ఖుషీ అయితది."

"ల్యాబ్‌ల సెంటు కొట్టుకొని వస్తే మేడమే తిడ్తది."

"చీర?"

"ఆమె ఏ రంగులు కడ్తదో, ఏవి కట్టదో నాకేం ఎర్క?"

"మిఠాయి డబ్బా తీస్కపో మరి."

"మేడమ్ వాళ్ళ సార్‌కు షుగర్. గుండె ఆపరేషన్ గూడ ఉంది సోమవారం."

"అబ్బ, ఇగ నన్నే ప్యాక్ చేసి ఇయ్యి," అని షబానా ఫోను పెట్టేసింది.

మోక్షాచారి నిప్పులు ఎగదోస్తూ ఇదంతా విన్నాడు. కాసేపటికి అడిగాడు.

"ఆమె నీకేం నేర్పింది బిడ్డా?"

"సూదికి నరం దొరకవట్టుడు నేర్పింది బాపూ. మనం చెయ్యి వట్టుకోంగనే రోగికి సగం భయం పోవాలె, అట్ల వట్టుకోవాలన్నది."

"అంటే చేతి పని నేర్పింది. చేతి పని నేర్పినామెకు చేతి పనే ఇయ్యాలె. దుకాణంల కొన్నది ఎవలన్న ఇస్తరు."

అప్పుడు భువనకు ఒక మాట గుర్తొచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మేడమ్ ఒకసారి అందట: కొన్న పెనాలన్నిటికీ పూత లేస్తోంది, మా అమ్మ దగ్గర ఇనుప పెనం ఉండేది, అట్లాంటిది ఇప్పుడెక్కడా దొరకడం లేదు అని. ఆ మాట వినగానే మోక్షాచారి లేచి వచ్చి, కోళ్ళను తోలి, నన్ను పైకెత్తి, గోటితో కొట్టి నా మోత విన్నాడు. జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను ఎంచుకున్నారు.

ఆయన నన్ను గుండ్రంగా కోశాడు. ఎర్రగా కాల్చాడు. దాగలి ఇనుప దిమ్మ మీద పెట్టి సమ్మెటతో అంచుల నుంచి నడుముకు, నడుము నుంచి అంచులకు కొట్టుకుంటూ వచ్చాడు. నొప్పి గురించి మీరు అడగవద్దు, నేను చెప్పను. రేకుగా ఉన్నది పెనం కావాలంటే ఆ దారి తప్ప మరో దారి లేదు. పిడి బిగించి, బండకేసి అరగదీసి, కోసిన ఉల్లిగడ్డతో రుద్ది, గానుగలో ఆడించిన నువ్వుల నూనెతో మళ్ళీ మళ్ళీ కాల్చాడు. కొత్త పెనానికి నువ్వుల నూనె పట్టిస్తే దోసె అంటదని ఆయన నమ్మకం. చివరికి నేను నిగనిగలాడే నలుపెక్కాను. ఆ నలుపు చూసుకుని గర్వపడ్డానని దాచకుండా చెబుతున్నాను.

నూనె ఒళ్ళంతా కారుతోంది. చుట్టడానికి గుడ్డ కావాలి. ఆ ఇంట్లో గుడ్డలన్నీ బొగ్గు మరకలవే. మోక్షాచారి లోపలికి వెళ్ళి, దేవుడి పటాల వెనక మడతపెట్టి దాచుకున్న పంచె తెచ్చాడు. ఏటా అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు కట్టే నల్ల పంచె. ఇంట్లో అంతకంటే శుభ్రమైనదీ పవిత్రమైనదీ లేదు. అందులో నన్ను చుట్టి, పక్కన ఒక సీసా నిండా నువ్వుల నూనె పెట్టాడు. "ఇంక రెండు మూడు పూటలు ఈ నూనె వట్టియ్యమని చెప్పు బిడ్డా," అన్నాడు.

భువనకు ఆదివారం డ్యూటీ. అందుకని శనివారమే బయలుదేరింది.

ఇనుము, నువ్వుల నూనె, నల్ల గుడ్డ, శనివారం. మీలో కొందరికి ఈపాటికే గుండె ఝల్లుమని ఉంటుంది. నాకు ఝల్లుమనలేదు. మోక్షాచారికీ అనలేదు. కమ్మరి ఇంట్లో ఇనుమంటే అన్నం. అక్కడ కొలిమి ఆగేది అమావాస్యకే గాని శనివారానికి కాదు. వాళ్ళింట్లో నలుపు పని రంగు, దేవుడి రంగు. భువన పుట్టింది మొదలు ఇనుము ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోవడమే చూసింది. ఇనుము చేతికి తీసుకుంటే ఒకరి శని ఇంకొకరికి అంటుకుంటుందని భయపడే ఇళ్ళు ఉంటాయని ఆమెకు ఎవరు చెబుతారు? ఆమె చదివిన డిగ్రీలో అది లేదు.

హైమావతి మేడమ్ ఇల్లు మొదటి అంతస్తులో. మేము వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తీసింది ఆమె భర్త రఘోత్తం సారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. సన్నగా, నవ్వుముఖంతో ఉన్నాడు. ఎల్లుండి ఆపరేషన్ కాబోయేది ఆయనకే. గుండెకు పోయే నరాలు దాదాపు మూసుకుపోయాయని, ఇక ఆగడానికి లేదని డాక్టర్లు చెప్పారు. హైదరాబాద్ నుంచి పెద్ద సర్జను సోమవారం కోసమే వస్తున్నాడు.

"మీ మేడమ్ స్నానానికి పోయింది. కూసో అమ్మా. ఏందిది, ఇంత బరువుంది?"

"పెనం సార్. మా బాపు చేసిండు."

ఆయన రెండు చేతులా నన్ను అందుకున్నాడు. పంచె విప్పి, పైకెత్తి, వెలుతురులో తిప్పి చూశాడు. "అబ్బబ్బ, ఏం పెనమమ్మా! ఆపరేషన్ అయితే ఎట్లాగూ నూనె బంద్ చేస్తరు. రేపే దీని మీద ఒక ఎర్రటి దోశ కొట్టాలె," అన్నాడు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

లోపలి గదిలోంచి ఆయన తల్లి ఆండాళమ్మ వచ్చింది. దీపం పెట్టి వస్తోంది, చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది. కొడుకు చేతుల్లో నన్ను చూసింది. సోఫా మీద నల్ల పంచె చూసింది. బల్ల మీద నూనె సీసా చూసింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. భువన వంగి ఆమె కాళ్ళు మొక్కబోతే రెండడుగులు వెనక్కి వేసింది. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులేమో అనుకుని భువన నవ్వుతూ సెలవు తీసుకుంది. మెట్లు దిగిపోతున్న ఆమె చెప్పుల చప్పుడు దూరమైంది.

తరువాత ఆండాళమ్మ గొంతు లేచింది.

"కింద వెట్టు. ముందు దాన్ని కింద వెట్టు నాయినా! చేతులు కడుక్కో!"

"ఏమైందమ్మా?"

"ఏమైందా? మీ నాయిన గూడ ఇట్లనే శనివారం నాడు ఎవలో ఇచ్చిన ఇనుప ఇస్త్రీ పెట్టె రెండు చేతుల తీస్కున్నడు. నెల దాటలే. నేను మర్చిపోయిన్నా?"

హైమావతి తడి తల తుడుచుకుంటూ వచ్చింది. "అత్తమ్మా, ఆ పిల్ల అసొంటిది కాదు. ఏం తెల్వక తెచ్చింది."

"తెల్వక తెచ్చినా తెచ్చిందే కదనే. ఇది కానుక కాదు, శని దానం. వాడి చేతికే వచ్చింది."

నన్ను బాల్కనీలో ఒక మూలన పెట్టారు. అక్కడి నుంచి చూస్తే ఆ ఇంట్లో కిటికీ ఊచలు ఇనుము, బీరువా ఇనుము, ఆండాళమ్మ పడుకునే మంచం కూడా ఇనుమే. వాటిలో దేనికీ లేని శని నాకొక్కదానికే ఎలా వచ్చిందో నేను ఆలోచించాను. ట్రాలీగా ఉన్నప్పుడు గేదెను మోశానుగదా, దాని వల్లనా? లేదు. నన్ను ఇచ్చిన మనసులో ఏ చెడూ లేదని నాకు తెలుసు. నేను కాలేటప్పుడు మోక్షాచారి పెదవులు కదిలాయి. ఆయన ఏదో మొక్కుకున్నాడు. మంచే మొక్కుకుని ఉంటాడు.

ఆదివారం పొద్దున్నే తీర్పు మొదలైంది. తీసుకున్నదాన్ని పారేయకూడదు, పారేస్తే తీసుకున్నవాడినే పట్టుకుంటుంది అంది ఆండాళమ్మ. తెలిసి తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి. పనిమనిషిని అడిగారు. ఆమె నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు పిల్లలున్నరమ్మా," అని గిన్నెలు తోమకుండానే వెళ్ళిపోయింది. ఇక శనివారాలు నూనె గిన్నెలో శనిదేవుడి బొమ్మ పెట్టుకుని గల్లీల్లో తిరిగే మనిషి ఒక్కడే తీసుకుంటాడు. అతను మళ్ళీ శనివారం దాకా రాడు.

"అంతవరకు వాడి ఒంటి మీద కత్తి వడొద్దు. వచ్చే వారం చేపిద్దాం."

"అత్తమ్మా, ఆ సర్జన్ మళ్ళ ఎప్పుడొస్తడో! ఈయనకు ఆగేటట్టు లేదని చెప్పిండ్రు కదా."

"నీకు మొగడు. నాకు కొడుకు. ఇయ్యాల కాదన్ననంటే ఎందుకన్ననో నీకెర్క లేదా?"

హైమావతి చదువుకున్నది. ఎంతోమంది రక్తం సూక్ష్మదర్శిని కింద చూసి రోగాలు పేరుపెట్టి చెప్పిన మనిషి. ఆమె ఫోను చేతిలో పట్టుకుని బాల్కనీలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "నేను నమ్మను," అని పైకే అంది, నాతోనో తనతోనో. తరువాత నన్నే చూస్తూ ఉండిపోయింది. మనుషులు నమ్మని వాటికి కూడా భయపడగలరు. నిప్పుకు ఈ తెలివి లేదు, ఇనుముకు లేదు. ఆమె ఆసుపత్రికి ఫోను చేసి, రేపు కుదరదండీ అని చెప్పింది. కారణం చెప్పలేదు.

అది జరిగిన కాసేపటికి రఘోత్తం సారు ఒక్కడే బాల్కనీలోకి వచ్చాడు. పేపరు చదువుతున్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. పేపరు ఒళ్ళోకి జారింది. ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకున్నాడు, నుదుటి మీద చెమట పట్టింది, పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు. లోపల ఆయన తల్లి విష్ణు సహస్రనామం చదువుతోంది. చూసింది నేనొక్కదాన్నే. కొద్దిసేపటికి ఆయన చెమట తుడుచుకుని, నా వైపు చూసి బలహీనంగా నవ్వాడు. ఎవరితోనూ చెప్పవద్దన్నట్టు.

నేను చెప్పలేను సారూ. చెప్పగలిగితే ఊరంతా వినబడేలా మోగేదాన్ని.

మధ్యాహ్నం దాటాక భువన వచ్చింది, పరుగు పరుగున. ల్యాబులో ఆమె రేపటి ఆపరేషన్‌కు రక్తం సిద్ధం చేస్తుంటే ఎవరో వచ్చి, అవసరం లేదు, హైమ మేడమ్ వాళ్ళ సారుది క్యాన్సిల్ అయిందని చెప్పారట. ఫోను చేస్తే మేడమ్ మొదట ఏదో సర్దిచెప్పి, చివరికి అసలు కారణం చెప్పి ఏడ్చేసిందట.

"అమ్మా, అది మా బాపు అయ్యప్ప మాల పంచె," అంది భువన గుమ్మంలోనే. "మా ఇంట్ల అంతకన్న మంచి గుడ్డ లేదు. నూనె పెనానికి వట్టియ్యనీకి. నాకు ఇవన్ని తెల్వదు."

"నీ మనసు మంచిదే బిడ్డా," అంది ఆండాళమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. "కాని శనికి మనసుతోని పని లేదు."

"రేపు డాక్టరు వట్టుకునే కత్తి గూడ ఇనుమే కదమ్మా!"

"అది డాక్టరు చెయ్యి. వాడికి ఇచ్చింది నీ చెయ్యి."

భువన మేడమ్ వైపు చూసింది. మేడమ్ నేలను చూస్తోంది. రఘోత్తం సారు ఏదో అనబోయి దగ్గాడు. ఆయన ముఖం రంగు చూడగానే భువన మాట్లాడటం ఆపేసింది. రోగి ముఖం చూడటం ఆమెకు నేర్పింది మేడమే. వాదిస్తూ కూర్చుంటే ఏం జరగబోతోందో ఆమెకు అర్థమైంది.

"నేను ఇచ్చింది నేనే వాపస్ తీస్కుంటే?"

ఆండాళమ్మ తలెత్తింది. "అట్ల తీస్కుంటే నీకే చుట్టుకుంటది. రెండింతలైతది."

"కానియ్యండి. రేపు సార్‌ను పంపిస్తరా?"

"ఆడపిల్లవు బిడ్డా. పెండ్లి కావల్సినదానివి."

"పంపిస్తరా, లేదా?"

ముసలామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె చెడ్డది కాదు. తన కొడుకు బతకాలి, అంతే. తలూపింది. సారు చేతుల మీదుగానే నన్ను ఇవ్వాలంది. ఆయన వద్దు వద్దంటూనే నన్ను నల్ల పంచెతో సహా ఎత్తాడు, ఈసారి ఆ చేతులు చల్లగా ఉన్నాయి. భువన రెండు చేతులూ చాచింది.

"నోటితోని అనాలె," అంది ఆండాళమ్మ.

"సార్ మీద ఉన్నది నా మీదికి తీస్కుంటున్న," అంది భువన. స్కూల్లో పాఠం అప్పజెప్పే పిల్లలా, తడబడకుండా అంది. కింద నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళమన్నారు. అలాగే చేసింది. హైమావతి మేడమ్ అంతసేపూ ఒక్క మాట కూడా అనలేదు. నాకు తెలిసి, ఆ పూట భువన ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే.

సోమవారం ఆపరేషన్ జరిగింది. సారు బతికాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని సర్జను అన్నాడట. మీరు సంతోషించి ఉంటారు, నేనూ సంతోషించాను. కానీ ఆలోచించండి. ఆయన పోయి ఉంటే, నన్ను ముట్టుకున్నందుకే పోయాడనేవాళ్ళు. బతికాడు కాబట్టి, నన్ను వదిలించుకున్నందుకే బతికాడన్నారు. తీర్పు ముందే అయిపోయింది. ఏది జరిగినా అది నాకు వ్యతిరేకంగా సాక్ష్యమే.

భువన గదిలో నాకు పొయ్యి దొరికింది. మొదటి దోసె వేసింది షబానా. "ఏమొచ్చిందే దీనికి? బంగారం లెక్క కాలుస్తుంది. మీ మేడమ్‌కు దక్కలే, మనకు దక్కింది," అంది. రోజులు బాగానే గడిచాయి. మేడమ్ ఒక పట్టుచీర తెచ్చి భువన సంచిలో పెట్టిందట, సారు తరఫున అని. ఆమె పని గురించి పైవాళ్ళకు ఇంకా మంచిగా చెప్పిందట. ఒక్కటే మారింది. ఇదివరకు రక్తం గొట్టాలు చేతికి అందించే మనిషి, ఇప్పుడు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటోందట. భువన తీసుకుంటుందట.

"నీ భ్రమ," అంది షబానా.

"కావచ్చు," అంది భువన.

ప్రతి ఆదివారం మోక్షాచారి ఫోను చేసేవాడు. "పెనం ఎట్లుందట? మేడమ్ వాడుతుందా?"

"రోజూ వాడుతున్నరు బాపూ. దోశ అసలు అంటదట."

ఆయన అటువైపు తృప్తిగా నవ్వడం నాకు వినబడేది. నేను పొయ్యి మీద ఉండేదాన్ని.

తరువాత ఒక ఆదివారం ఫోను వచ్చింది, ఆయన నుంచి కాదు, పక్కింటివాళ్ళ నుంచి. కాలిన ఇనుము పట్టకారులోంచి జారి మోక్షాచారి కుడి చెయ్యి కాలింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు, ప్రాణానికేం భయం లేదు, కాకపోతే ఆ వేళ్ళు మళ్ళీ సమ్మెట పట్టేది అనుమానమే. కొలిమి దగ్గర బతుకంతా గడిపినవాడి చెయ్యి కాలడం వింత కాదు. వయసు మీదపడింది, చూపు తగ్గింది. ఇవన్నీ భువనకు తెలుసు. ఫోను పెట్టేసి ఆమె అవన్నీ తనకు తానే పైకి చెప్పుకుంది కూడా.

అప్పుడు నా వైపు చూసింది.

ఆ చూపు నేను అంతకుముందే చూశాను, బాల్కనీలో, ఫోను చేతిలో పట్టుకుని నిలబడిన ఆవిడ కళ్ళల్లో. చదువుకున్న మనిషి చూపు. నమ్మని మనిషి చూపు.

షబానా లేని సమయం చూసి ఆమె నన్ను నల్ల పంచెలో చుట్టింది. మళ్ళీ విప్పి, పంచె మడతపెట్టి లోపల దాచుకుంది. నన్ను సంచిలో వేసుకుని గల్లీ చివరికి నడిచింది. పాత ఇనుప సామాన్ల బండి ఎదురొచ్చింది, అతనికి ఇవ్వలేదు. ఈ ఖాళీ ప్లాటు గోడ పక్కన వంగి, నన్ను నేల మీద పెట్టింది, ఎవరి చేతికీ అంటకుండా. నిలబడి ఒకసారి నోరు తెరిచింది, ఏదో చెప్పబోయినట్టు. చెప్పలేదు. బస్టాండు వైపు, తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. వాన పడింది, అంచు మీద తుప్పు మొదలైంది. నా లోపల ఏ చెడూ లేదని మీకు ఈ కథంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నమ్మే చెప్పాను.

ఇప్పుడు ఎవరో వస్తున్నారు. చంకలో పసిపిల్లను ఎత్తుకున్న ఆమె. చెత్తలో పనికొచ్చేవి ఏరుకుంటూ గోడ వెంబడే నా వైపే వస్తోంది. నన్ను చూసింది. ఆమె ముఖం వెలిగింది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వంగుతోంది.

తీసుకో తల్లీ, మంచి పెనాన్ని, అనాలి నేను. ఎందుకో ఆ మాట రావడం లేదు.